తొక్కక తప్పని సైకిలు

సైకిలు తొక్కేవాణ్ణి ఎవర్నైనా అడిగి చూడండి, అందులో అసలు సుఖం ఎక్కడుందని. తొక్కడంలో ఉందని ఎవడూ అనడు. తొక్కడం ఆపాక వచ్చే ఆ కాసేపట్లో ఉందంటాడు. రొప్పుతూ చెరువుగట్టు ఎక్కి, అవతలి వాలులో పెడళ్ల మీద కాళ్లు నిలిపేసి, వీపు మీద చొక్కా ఉబ్బుతుంటే, వెనక చక్రం టికటికమంటుంటే అలా జారిపోవడంలో ఉందంటాడు. మన ఊళ్లలో సైకిలెక్కిన ప్రతివాడికీ ఆ చప్పుడు తెలుసు. అది ఫ్రీవీలు చప్పుడు. కష్టం అయిపోయింది, ఇక కూలి పుచ్చుకో అని చెప్పే చప్పుడు.

ఆ చప్పుడు లేని సైకిలు ఒకటుంది. పేరు ఫిక్స్‌డ్ గేర్, ముద్దుపేరు ఫిక్సీ. దాన్నెక్కినవాడు కాళ్లు ఆపలేడు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది, పెడలు తిరిగినంతసేపూ కాలు తిరగాలి. ఎత్తులో తొక్కాలి, వాలులో తొక్కాలి, ఆగబోయే ముందు కూడా తొక్కాలి. సుఖమున్న భాగాన్ని ఏరి పారేసి మిగిలింది అమ్ముతున్నట్టుంది కదా! అయినా టోక్యో నుంచి న్యూయార్క్ దాకా దీనికి భక్తులున్నారు. వాళ్లేమన్నా వెర్రివాళ్లా, లేక మనకు అందనిదేదో వాళ్లకు అందిందా అన్నది నాకు చాలాకాలంగా ఉన్న సందేహం.

ముందు దాని కట్టుబాటు చూద్దాం. మామూలు సైకిలు ఫ్రీవీలు లోపల స్ప్రింగు మీద నిలబడ్డ చిన్న చిన్న కొక్కేలుంటాయి. ముందుకు తొక్కితే అవి పళ్లలో పడి చక్రాన్ని లాగుతాయి. కాళ్లు ఆపితే పళ్ల మీదుగా జారిపోతూ టికటికమంటాయి. ఫిక్సీలో ఆ కొక్కేలు ఉండవు. పళ్లచక్రాన్ని నేరుగా హబ్బు మీదికే మర తిప్పి బిగిస్తారు. వెనక్కి ఒత్తినప్పుడు ఊడిపోకుండా దాని మీద ఎడమ మర ఉన్న రింగు ఒకటి వేస్తారు. అంతే. ముందుకు తొక్కితే ముందుకు పోతుంది, వెనక్కి తొక్కితే వెనక్కి వస్తుంది. నిజానికి మనందరి తొలి వాహనం ఇదే. పసిపిల్లల మూడు చక్రాల బండికి పెడళ్లు ముందు చక్రానికే ఉంటాయి. అన్నయ్య వెనకనుంచి బలంగా తోసినప్పుడు అవి గిర్రున తిరిగి పిక్కల మీద కొట్టిన దెబ్బ చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఓ మిత్రుడు అమెరికా వెళ్తూ తన ఫిక్సీని నా దగ్గర వదిలి వెళ్లాడు. చైను వదులైతే సికింద్రాబాద్‌లో ఓ పాత సైకిలు షాపుకు తీసుకెళ్లాను. మెకానిక్ వెనక చక్రం పైకి లేపి, పెడలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫ్రీవీలు జామైంది సార్, కొత్తది ఏస్తా" అన్నాడు. వద్దు, అది అలాగే ఉండాలన్నాను. ఆయన నన్ను, సైకిలును మార్చి మార్చి చూశాడు. "గిదేంది సార్! జామైతే మేము పైసలు తీస్కొని బాగ చేస్తం. మీరు పైసలిచ్చి జాం చేపిచ్చుకున్నరా?" అన్నాడు.

నవ్వేశాను గాని, ఆ ప్రశ్న దాటి పోయేది కాదు. సైకిలు చరిత్ర తెలిసినవాడు కూడా చివరికి అక్కడికే రావాలి. ఎందుకంటే ఒకప్పుడు సైకిళ్లు దాదాపు అన్నీ ఫిక్స్‌డ్ గేరే. అప్పుడు దాన్నెవరూ ముద్దు చేయలేదు.

1860ల్లో పారిస్‌లో మిషో కంపెనీ ముందు చక్రానికి పెడళ్లు తగిలించి బండ్లు అమ్మింది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. అందుకే ఆ తర్వాత ఇంగ్లండులో కోవెంట్రీ నగరపు జేమ్స్ స్టార్లీ వంటివాళ్ల చేతుల్లో ముందు చక్రం మనిషి ఎత్తుకు పెరిగింది. తొక్కేవాడి కాలు ఎంత పొడవో చక్రం అంతవరకే. వాలు వచ్చిందంటే పెడళ్లు కాళ్లకు అందనంత జోరుగా తిరిగేవి. అప్పుడు సవారీ చేసేవాడు రెండు కాళ్లూ ఎత్తి హ్యాండిల్ మీదుగా ముందుకు చాపుకునేవాడు. అదేదో విలాసం కాదు. బండి తలకిందులైతే తల బదులు కాళ్లు ముందు నేలకు తగులుతాయన్న ముందుజాగ్రత్త. థామస్ స్టీవెన్స్ అనేవాడు ఇలాంటి బండి మీదే 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి బయలుదేరి 1886 చివరికి యోకొహామా చేరాడు. సైకిలు మీద ప్రపంచాన్ని చుట్టిన తొలి మనిషి అతనే. మధ్యలో 1886లో అప్పటి మన దేశంలో లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ఆ యాభై అంగుళాల చక్రంతోనే వచ్చాడు. ఆ ఎండలో, ఆ దుమ్ములో అతను ఫిక్స్‌డ్ గేర్ తొక్కింది ఇష్టపడి కాదు. అప్పటికి వేరే రకం బజారులో దాదాపు లేదు.

1885లో జేమ్స్ స్టార్లీ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, మధ్యలో చైను. ఇవాళ మనం ఎక్కే సైకిలుకు తాత అదే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. అయినా పెడళ్లు మాత్రం ఆగేవి కావు. ఆ కాలపు సైకిళ్ల ముందు ఫోర్కుకు అటొకటి ఇటొకటి చిన్న మేకుల్లాంటివి కనిపిస్తాయి. వాలులో పెడళ్లను వాటి మానాన తిరగనిచ్చి కాళ్లు పెట్టుకోవడానికి అవి. చూడండి, మనిషి కాళ్లు దింపుకోవడానికి ఎన్ని తంటాలు పడ్డాడో!

ఫ్రీవీలు ఆలోచన కొత్తదేమీ కాదు. 1869లోనే అమెరికాలో విలియం వాన్ ఆండెన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. మరి ముప్ఫై ఏళ్లు ఎందుకు పట్టింది? కారణం బ్రేకు. ఫిక్స్‌డ్ గేర్ మీద కాళ్లే బ్రేకు, పెడళ్లను వెనక్కి ఒత్తిపెడితే బండి నెమ్మదిస్తుంది. ఫ్రీవీలు పెట్టిన క్షణమే ఆ బ్రేకు పోతుంది. నమ్మదగ్గ వేరే బ్రేకు చేతికి వస్తే తప్ప కాళ్లకు సెలవివ్వడం కుదరదు. 1890ల చివర మంచి బ్రేకులతోపాటే ఫ్రీవీలూ వచ్చింది. 1903లో జర్మనీలో ఎర్న్‌స్ట్ సాక్స్ రెండింటినీ ఒకే హబ్బులో ఇమిడ్చి టార్పెడో అని పేరుపెట్టి అమ్మాడు. కొద్ది ఏళ్లలోనే రోడ్ల మీద పాతరకం తగ్గిపోయింది. పాలు పోసే మనిషి, ఉత్తరాలు పంచే మనిషి, ఫ్యాక్టరీకి పోయే మనిషి ఎవరూ పాతదాని కోసం కన్నీరు పెట్టినట్టు లేదు. తప్పనిసరిగా మోసినవాడు దించే వీలు దొరకగానే దించేశాడు.

దించనివ్వనివాళ్లూ కొందరున్నారు. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం పెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ వాళ్లలో పెద్ద. 1903లో మొదలైన ఆ పందెంలో గేర్లు మార్చే డెరైలర్‌ను 1937 దాకా రానివ్వలేదు. మనిషి బలం గెలవాలి గాని యంత్రం తెలివి గెలవకూడదన్నది ఆయన పట్టు. దాంతో పోటీదారులు వెనక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్లచక్రాలు బిగించుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిరగేసి పెట్టుకుని ఎక్కేవాళ్లు. 1927లో ఇటలీలో తుల్లియో కాంపాన్యోలో అనే పోటీదారుడు మంచులో వేళ్లు కొంకర్లు పోయి చక్రం నట్టు విప్పలేక వెనకబడ్డాడనీ, ఆ ఉడుకుమోత్తనంలోంచే చిటికెలో చక్రం విప్పే మీట పుట్టిందనీ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా మీట మాత్రం 1930 నుంచి ఉంది. ఇప్పటికీ స్పోర్ట్స్ సైకిళ్లలో దాని వాడుక ఉంది. సుఖాన్ని నిషేధించినచోట కొత్త సుఖం ఇంకో దారిన పుట్టుకొచ్చింది.

ఇంగ్లండులో సైకిలు క్లబ్బులవాళ్లు మాత్రం ఎవరూ బలవంతపెట్టకుండానే ఫిక్స్‌డ్ గేర్‌ను ఉంచుకున్నారు. చలికాలమంతా దాని మీద తిరిగితే కాళ్లు గుండ్రంగా, తొణక్కుండా తిరగడం నేర్చుకుంటాయని వాళ్ల నమ్మకం. 1956లో రే బూటీ అనే కుర్రవాడు నూరు మైళ్లను నాలుగు గంటల లోపల పూర్తిచేసిన తొలి బ్రిటిష్ పోటీదారుడయ్యాడు. అప్పటికి గేర్ల సైకిళ్లు అంగళ్ల నిండా ఉన్నాయి. అతను తొక్కింది మాత్రం ఒక్క గేరున్న ఫిక్స్‌డ్ సైకిలు. ఇక్కడే నాకు మొదటి సందు కనిపించింది. స్టీవెన్స్‌కు లేనిది, బూటీకి ఉన్నది ఒకటుంది. వద్దనుకునే వీలు.

ఇక ఫిక్స్‌డ్ గేర్ ఏనాడూ వదలని చోటు వెలోడ్రోమ్. గిన్నెలా అంచులు పైకి లేచిన పందెపు బాట. మనకు హైదరాబాద్‌లోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, 2002 జాతీయ క్రీడల కోసం కట్టినది ఒకటుంది. ఈ బాట మీద తిరిగే సైకిళ్లకు గేర్లుండవు, ఫ్రీవీలుండదు, బ్రేకులు అసలే ఉండవు. మొదటిసారి వినగానే గుండె ఝల్లుమంటుంది. కాని ఆలోచిస్తే అందులోనే భద్రత ఉంది. అందరూ ఒకే దిక్కుకు, అరచేయి ఎడంలో, గంటకు యాభై అరవై కిలోమీటర్ల జోరుతో పోతున్నప్పుడు ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనకవాళ్లంతా కుప్పకూలుతారు. బ్రేకే లేనప్పుడు ఎవడూ హఠాత్తుగా ఆగలేడు. వేగం పెరిగినా తగ్గినా కాళ్ల ద్వారానే, మెల్లమెల్లగానే జరుగుతుంది. పక్కవాడి కాళ్లు చూస్తే వాడి మనసు తెలుస్తుంది.

ఒక గంటలో ఎంత దూరం పోగలమన్న పరీక్ష కూడా ఈ బాట మీదే, ఈ సైకిలు మీదే జరుగుతుంది. 1893లో పారిస్‌లో దాని తొలి అధికారిక రికార్డు పెట్టింది కూడా పైన చెప్పిన దెగ్రాంజే, 35.325 కిలోమీటర్లు. 1972లో మెక్సికో సిటీలో ఎడ్డీ మెర్క్స్ 49.431 కిలోమీటర్లు వెళ్లాడు. 2022లో ఇటలీ దేశస్థుడు ఫిలిప్పో గన్నా 56.792 చేశాడు. నూటముప్ఫై ఏళ్లలో లోహం మారింది, గాలి లెక్కలు మారాయి, తిండి మారింది. ఒక్క గేరు, ఆగని పెడలు మారలేదు. ఆ గంటలో ఒక్క క్షణమైనా కాలికి సెలవు లేదు. కాబట్టే ఆ గంట లెక్క చెప్పడానికి పనికొస్తుంది.

ఆగలేని ఈ సైకిలే నిలబడటంలో ఘనాపాటి అంటే ఆశ్చర్యం వేస్తుంది. స్ప్రింటు పందెంలో ఇద్దరే ఉంటారు. వెనకున్నవాడికి ముందువాడి చాటున గాలి దెబ్బ తక్కువ, చివర్లో దాటిపోవడం తేలిక. అందుకని ముందుండటానికి ఇద్దరూ ఇష్టపడరు. నువ్వు ముందంటే నువ్వు ముందని బాట మధ్యలో నేలకు కాలు ఆనించకుండా నిలబడిపోతారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీ వాడు పెత్తెనెల్లా, ఫ్రాన్సు వాడు త్రెంతాఁ అలా దాదాపు 22 నిమిషాలు నిలబడ్డారు. ఫ్రీవీలు సైకిలు మీద ఇది చాలా కష్టం, ఎందుకంటే అది ముందుకు మాత్రమే మాట వింటుంది. ఫిక్సీ వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కి కాళ్లతో ఊగిసలాడనిస్తుంది. చక్రానికీ కాలికీ మధ్య సందు లేకపోవడమే ఆ నిశ్చలత్వం రహస్యం.

జపానులో ఈ సైకిలుకు మరో జాతకం రాసి ఉంది. యుద్ధంలో నేలమట్టమైన నగరాలకు డబ్బు కావాల్సి వచ్చి, 1948లో కొకురా నగరంలో కీరిన్ అనే పందెం మొదలుపెట్టారు. గుర్రప్పందేల్లా జనం డబ్బు కాస్తారు, వచ్చినదాంట్లో కొంత స్థానిక ప్రభుత్వాలకు పోతుంది. తొమ్మిదిమంది, తొమ్మిది రంగుల చొక్కాలు. పందేలు జరిగే రోజుల్లో పోటీదారులు ఫోన్లు అప్పగించి, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా వసతిగృహంలో ఉండాలి. ఎవరూ లోపాయికారీ బేరాలు కుదుర్చుకోకుండా ఈ కట్టడి. అదే అనుమానం సైకిలు మీదా ఉంది. ఒకడి సైకిలు ఇంకొకడిదానికంటే తెలివైనదైతే కాసినవాడికి అన్యాయం. అందుకని ఫ్రేము, హబ్బు, పెడలు ప్రతిదీ అనుమతి పొంది కీరిన్ సంస్థవారి ఎన్.జె.ఎస్. ముద్ర వేయించుకోవాలి. లోకం అల్యూమినియం, కార్బను అంటూ పరుగులు తీస్తుంటే అక్కడ ఉక్కు గొట్టాలను చేత్తో అతికే చిన్న చిన్న పనివాళ్లు బతికిపోయారు. వరసగా పది ప్రపంచ స్ప్రింటు టైటిళ్లు గెలిచిన కోయిచి నకానోకు సైకిళ్లు కట్టిన నగసావా పేరు ఇవాళ సైకిలు పిచ్చివాళ్ల నోళ్లలో మంత్రం. జూదంలో మోసం జరగకూడదని పెట్టిన నియమం ఓ చేతిపనిని దశాబ్దాలపాటు కాపాడింది. పోటీ నుంచి రిటైరైన ఆ ఫ్రేములే తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో, లండన్‌లో కుర్రకారు కళ్లకద్దుకునే వస్తువులయ్యాయి.

వెలోడ్రోమ్ గోడ దూకి ఈ సైకిలు వీధిలోకి వచ్చింది న్యూయార్క్‌లో కొరియర్ కుర్రాళ్ల వల్ల. ఫ్యాక్సులు, ఈమెయిళ్లు అల్లుకోకముందు, 1970, 80 దశకాల్లో, కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు సైకిలు మీదే ఉరికేవి. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కొందరు కుర్రాళ్లు తమ ట్రాక్ సైకిళ్లను ఈ పనిలోకి దించారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దానికి లెక్క ఉంది. గేర్లు లేవు కాబట్టి చెడిపోయేవి తక్కువ, దొంగ ఊడబెరుక్కుపోయేవీ తక్కువ. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టి మొరాయించే తీగలు లేవు. ఎర్రదీపం దగ్గర కాలు దించకుండా నిలబడొచ్చు. డెలివరీకి ఇంత అని వచ్చే కూలి మీద బతికేవాడికి ఇవన్నీ రూపాయల్లోకి తర్జుమా అయ్యే విషయాలు. హార్లెమ్‌లో పెరిగి మాన్‌హాటన్ వీధుల్లో కాగితాలు మోసిన నెల్సన్ వేల్స్ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్ప్రింటు వెండి పతకం తెచ్చాడు. మూడేళ్ల తర్వాత, 1987లో, మేయర్ ఎడ్ కాచ్ పనిదినాల్లో పట్టపగలు మూడు పెద్ద వీధుల్లో సైకిళ్లనే నిషేధించబోతే ఈ కొరియర్లంతా రోడ్డు నిండా బారులు తీరి నిరసన తెలిపారు. చివరికి న్యాయస్థానం ఆ నిషేధాన్ని ఆపేసింది.

2000 తర్వాత కథ మనకు తెలిసిన దారినే పోయింది. కూలివాడు చవకని వాడినదాన్ని డబ్బున్నవాడు అందమని కొన్నాడు. బ్రూక్లిన్‌లో, తూర్పు లండన్‌లో, టోక్యోలో రంగురంగుల రిమ్ములు, జానెడు పొడవుకు కోసేసిన హ్యాండిళ్లు, చైను రంగుకు సరిపోయే చెప్పులు. కొన్నాళ్లకు ఆ జోరు తగ్గింది. ఫ్యాషను కోసం ఎక్కినవాళ్లు దిగిపోయారు. దిగనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా సందేహం ఈ దిగనివాళ్ల గురించే.

దానికి సమాధానం పుస్తకాల్లో వెతకడం మానేసి మిత్రుడి సైకిలునే ఎక్కాను. మొదట గచ్చిబౌలి అవతల, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన సైకిలు దారిలో. కార్లు రావు, కుక్కలు తక్కువ. కాసేపు మామూలు సైకిలు లాగానే ఉంది. అలవాటుకొద్దీ కాళ్లు ఆపుదామనుకున్న క్షణంలో చక్రం ఒప్పుకోలేదు. మోకాలు పట్టుకుని సీటు మీంచి పైకి లేపింది. ఇన్నేళ్లుగా నేను సైకిలు తొక్కుతున్నాననుకున్నదాంట్లో ఎంత భాగం ఊరికే కూర్చోవడమో అప్పుడు అర్థమైంది. ప్రతి నాలుగు చుట్లకూ నా కాళ్లు సెలవడుగుతున్నాయి.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా బాగుంది. చక్రం అడిగి తీసుకోవడమే కాదు, ఇస్తుంది కూడా. చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు పెడలు నిట్టనిలువుగా వచ్చే చోట కాలికి బలం చాలదు. మామూలు సైకిలు అక్కడ కుంటుతుంది. ఫిక్సీలో చక్రం తన జోరుతో ఆ చోటు దాటించి కాలును అవతల దించుతుంది. దిగుడు మాత్రం పనే. మిత్రుడి సైకిలుకు ముందు 48 పళ్లు, వెనక 16. పెడలు ఒక చుట్టుకు చక్రం మూడు చుట్లు, అంటే ఇంచుమించు 6.3 మీటర్లు. నిమిషానికి తొంభై చుట్లు తిప్పితే గంటకు 34 కిలోమీటర్లు. బంజారాహిల్స్ వాలులో అదే బండి యాభై అందుకుంటే కాళ్లు నిమిషానికి 130కి పైగా తిరగాలి. అక్కడ జారిపోవడమన్న మాటే లేదు. వాలంతటినీ కాళ్లతో వెనక్కి అదుముతూ, మెట్టు మెట్టుగా దిగాలి.

కాళ్లు బిగించి, ఒంటి బరువు ముందుకు వేసి, వెనక చక్రాన్ని ఈడ్చి ఆపే విద్య కూడా ఉంది. అది నాకు చేతకాదు, నేర్చుకునే వయసూ దాటింది. కాని దాని వెనకున్న లెక్క నాకు నచ్చింది. 48కి 16 అయితే ప్రతి చుట్టుకూ చక్రం సరిగ్గా మూడుసార్లు తిరిగి అదే చోటికి వస్తుంది. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి ఈడ్చేవాడికి ప్రతిసారీ టైరు అక్కడే అరుగుతుంది, కొన్నాళ్లకు ఆ ఒక్క చోటే చిల్లు పడుతుంది. ముందు ఒక్క పన్ను పెంచి 49 చేస్తే ఆ అరుగుదల పదహారు చోట్లకు పంచబడుతుంది. ఇలాంటి లెక్కలను అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అనే మెకానిక్ లోకమంతా చదివేట్టు రాసిపెట్టాడు. ఆయన 2008లో పోయినా ఫిక్సీ కొనేవాళ్లు ఇప్పటికీ పళ్లు లెక్కపెట్టుకుంటారు. వస్తువు ఇంత సరళంగా ఉంటే, దాన్ని మనిషి ఇంత లోతుగా తెలుసుకోగలుగుతాడు. నా మామూలు గేర్ల సైకిలు గురించి నాకు ఇందులో పదో వంతు తెలియదు.

ఇంట్లో బియ్యం ఉన్నవాడు ఏకాదశి నాడు అన్నం మానేస్తే అది ఉపవాసం. బియ్యం లేనివాడు అదే రోజు అన్నం తినకపోతే పస్తు. ఇద్దరి కడుపులోనూ మండేది ఒకే మంట. ఒకడు మర్నాడు పారణ చేస్తానన్న భరోసాతో ఉన్నాడు, రెండోవాడికి ఆ భరోసా లేదు. ఫిక్సీ మీద ఇవాళ్టి ప్రేమంతా ఏకాదశి ప్రేమ. ఫ్రీవీలు కనిపెట్టబడింది కాబట్టే అది పుట్టింది. షాపులో టికటికమనే సైకిళ్లు వందలుండగా చప్పుడు చేయనిదాన్ని ఎంచుకోవడంలో ఉంది ఆ రుచి. స్టీవెన్స్ కాలంలో ఆ రుచికి చోటు లేదు.

ఇలా అనడం దాన్ని తక్కువ చేయడం కాదు. ఉపవాసం అబద్ధం కాదు కదా! సుఖాలు ఊరికే వచ్చిపడే రోజుల్లో ఏ సుఖం లేకపోతే మనం ఏమవుతామో తెలుసుకోవాలనిపించడం మనిషి లక్షణం. కాకపోతే ఉపవాసం ఉన్నవాడు పస్తున్నవాడికి ఆకలి గొప్పతనం బోధించకూడదు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1890ల్లో ఆరు రోజుల పందేలు జరిగేవి. డబ్బు కోసం రాత్రింబవళ్లు తొక్కి, నిద్రలేక మతిచలించినట్టు మాట్లాడే పోటీదారులను చూసి చివరికి ప్రభుత్వం రోజుకు పన్నెండు గంటలకు మించి ఒకడు తొక్కకూడదని చట్టం చేయాల్సి వచ్చింది. మన ఊళ్లలోనూ ఒకప్పుడు బడి ఆవరణలోనో సంత దగ్గరో రోజుల తరబడి సైకిలు దిగకుండా గుండ్రంగా తిరిగేవాళ్లు వచ్చేవాళ్లు. స్నానం దాని మీదే, తిండి దాని మీదే. చివరి రోజున జనం చొక్కాకు నోట్లు గుచ్చేవాళ్లు. వాళ్ల సైకిలుకు ఫ్రీవీలు ఉండేది. అయినా కాళ్లు ఆపుకునే స్వేచ్ఛ వాళ్లకెక్కడిది? పెడలు ఆగకపోవడానికి ఫిక్స్‌డ్ గేరే అక్కర్లేదు, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. వెలోడ్రోమ్‌లో బ్రేకు లేకపోవడం భద్రత అన్నాను. వీధిలో అదే మాట చెల్లదు. వీధిలో అందరూ ఒకే దిక్కుకు పోరు. ముసలమ్మ అడ్డం వస్తుంది, బంతి వెనక పిల్లాడు వస్తాడు. బ్రేకు పడ్డప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. అందుకే కాళ్లతో వెనక చక్రాన్ని ఎంత బిగించినా ముందు బ్రేకుతో వచ్చే పట్టు రాదు. బ్రిటన్‌లో 1983 నియమాల ప్రకారం ఫిక్సీకి కూడా ముందు చక్రానికి బ్రేకు ఉండి తీరాలి. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ట్రాక్ సైకిలు తగిలి రోడ్డు దాటుతున్న ఒకామె ప్రాణం పోయింది. తొక్కిన యువకుడికి మరుసటి ఏడు 1861 నాటి చట్టం కింద పద్దెనిమిది నెలల శిక్ష పడింది. గుర్రబ్బండ్ల కాలంలో రాసిన చట్టం అది. బ్రేకు తీసేస్తే స్వచ్ఛంగా ఉంటుందనే వాదన ఫిక్సీ లోకంలో ఇప్పటికీ వినిపిస్తుంది. నేను ఉపవాసం ఉంటే నా కడుపు మాడాలి, పక్కింటివాడిది కాదు. నా నియమానికి మూల్యం దారినపోయే మనిషి చెల్లించాల్సి వస్తే దాన్ని నియమం అనడానికి వీల్లేదు.

కాబట్టి మెకానిక్ ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. అవును, డబ్బిచ్చి జాం చేయించుకున్నదే. కాలు ఎప్పుడు పనిచేస్తోందో, ఎప్పుడు ఊరుకుంటోందో తెలియని స్థితి నుంచి కొంతసేపు బయటపడటానికి. మిత్రుడి ఫిక్సీకి ముందు బ్రేకు ఉంది, అది తీయనివ్వను. పంచె కట్టుకుని మాత్రం దాన్నెక్కను. అంచు చైనులో పడితే ఫ్రీవీలైతే కాళ్లు ఆపేస్తే సరి, ఇది మాత్రం గుడ్డను చివరికంటా లోపలికి లాక్కుంటుంది. కూరగాయల సంచీ తగిలించుకుని బజారుకు వెళ్లాల్సిన రోజు నా పాత సైకిలే తీస్తాను. వాలు వస్తే నిస్సంకోచంగా కాళ్లు ఆపేస్తాను. ఆదివారం పొద్దున, ఎక్కడికీ చేరాల్సిన పని లేనప్పుడు, ఫిక్సీ ఎక్కుతాను. నాకు ఈ రెండూ కావాలి. తొక్కక తప్పని సైకిలును ప్రేమించడానికి, తొక్కకపోయినా నడిచే సైకిలు ఇంకొకటి ఇంట్లో ఉండటమే నాకున్న అర్హత. అది లేనివాడి ముందు ఈ వ్యాసం చదివి వినిపించే ధైర్యం నాకు లేదు.